ఖోబర్‌లో జర్మన్ సైనికులకు రంగులద్దిన రోజులు

నా ఉద్యోగ జీవితమంతా జర్మన్ సైనికులకు బట్టలు వేయడంలోనే గడిచింది. వాళ్లలో ఒక్కడూ నా బొటనవేలి కంటే పొడవు లేడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ప్లాస్టిక్ బొమ్మలవి. విడి ముక్కలుగా డబ్బాల్లో వస్తాయి. అతికించి, చొక్కా, లాగు, టోపీ, గుండీలు, చివరికి కనుపాపలు కూడా రంగుతో దిద్దాలి. సౌదీలో, అల్ ఖోబర్ బజారులో, ఒక బొమ్మల దుకాణం వెనకగదిలో ఈ పని చేసి అక్కడే రిటైరయ్యాను. మా ఆవిడ ఊళ్లో నన్ను "ఆర్టిస్టు" అని చెప్పుకునేది. మా మామగారు మాత్రం చివరిదాకా "పెయింటు కంపెనీ" అనే అన్నారు.

ఈ పనిని సరదాగా మొదలుపెట్టి, ఇప్పుడు దీనితోనే బతకాలని చూస్తున్న చిన్నవాళ్లు కొందరు నా దగ్గరికి వస్తున్నారు. ఏ బ్రష్షు కొనాలి, ఏ రంగు కొనాలి అని అడుగుతారు. అవి కొట్లో దొరుకుతాయి. కొట్లో దొరకనివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

పెయింటర్ వీసా

భీమవరంలో నేను లారీల వెనక తలుపులకీ, కిరాణా కొట్ల బోర్డులకీ రంగులు వేసేవాణ్ణి. ఏజెంటు "పెయింటర్ వీసా" అనేసరికి, రాస్ తనూరాలో నూనె ట్యాంకులకి రంగు కొట్టాలి కాబోలనుకున్నాను. ఎత్తు మీద కళ్లు తిరగకుండా ఉండాలని నెల రోజులపాటు మా పేటలోని వాటర్ ట్యాంకు ఎక్కి దిగాను. తీరా ఖోబర్ చేరాక నా కఫీల్ అబూ నాసర్, అంటే నా వీసా ఎవరి పేరున వచ్చిందో ఆ దుకాణం యజమాని, నా అరచేతిలో ఒక బొమ్మ సైనికుణ్ణి పెట్టి తన కంటివైపు వేలు చూపించాడు.

పక్కనే మేనేజరు గౌస్ భాయ్ నిలబడి ఉన్నాడు. కర్నూలు మనిషి. పచ్చి రాయలసీమ తెలుగు.

"కండ్లు పెట్టమంటాండాడప్పా. నీ పనెట్లుంటాదో సూస్తాడంట."

నాకు తెలిసిన కళ్లు ఒకటే రకం. లారీల వెనక వేసే ఆడబొమ్మల కళ్లు. వెడల్పుగా, కాటుక దిద్ది, చివర తోక లాగి వేసేవాణ్ణి. అవే వేశాను. అబూ నాసర్ భూతద్దంలో చూసి "హిలూ! హిలూ!" అని మురిసిపోయాడు. ముద్దుగా ఉందని ఆ మాటకి అర్థం. ఉద్యోగం ఖాయమైంది. వారం తిరిగేసరికి పదకొండు మంది కాటుక కళ్ల జర్మన్లు అద్దాల బీరువాలో తుపాకులు పట్టుకుని నిలబడ్డారు.

గ్రే అంటే గ్రే కాదు

వాళ్లను మొదట చూసిన ఖాతాదారు హార్‌గ్రీవ్స్ అనే ఇంగ్లీషాయన. ఒక కాంట్రాక్టు కంపెనీలో సర్వేయరు. యాభై దాటిన ఒంటరి మనిషి. జర్మన్ యూనిఫారాల మీద ఆయనకున్న పట్టు జర్మన్లకి కూడా ఉండి ఉండదు. బీరువా ముందు చాలాసేపు నిలబడి నన్ను పిలిపించాడు.

"వీళ్లు వెళ్లేది యుద్ధానికా, పెళ్లికా?"

"కళ్లు సరిచేస్తాను సార్."

"కళ్ల సంగతి తర్వాత. ఈ కోటు రంగేమిటి?"

"డబ్బా మీద ఫీల్డ్ గ్రే అని ఉంది సార్. గ్రే వేశాను."

"ఫీల్డ్ గ్రే గ్రే కాదు. ఆకుపచ్చ."

"మరి గ్రే అని ఎందుకన్నారు సార్?"

"వాళ్లు జర్మన్లు" అన్నాడు, అంతకంటే చెప్పాల్సిందేమీ లేనట్టు.

మర్నాడు మళ్లీ వచ్చి పర్సు తీశాడు. మనం దేవుడి ఫోటో పెట్టుకునే అరలోంచి చిన్న ఉన్ని గుడ్డ ముక్క బయటికి తీశాడు. అసలు కోటు తాలూకు ముక్క. ట్యూబులైటు కింద బూడిద రంగు, వీధిలోకి తీసుకెళ్తే పాచి పచ్చ. యుద్ధం మొదట్లో కోటుకి ముదురాకుపచ్చ కాలరు ఉండేదనీ, పోనుపోనూ కాలరు కూడా కోటు గుడ్డతోనే కుట్టారనీ, చివరికి మంచి ఉన్ని దొరక్క గుడ్డే గోధుమ రంగుకి తిరిగిందనీ చెప్పాడు. యుద్ధం ఎటు పోతోందో బట్ట చూస్తే తెలిసిపోతుందన్నమాట. ఆ రోజు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను.

రంగు పేరు చదివి రంగు వేయకండి. వస్తువు చూసి వేయండి. వస్తువు దొరక్కపోతే దాన్ని చూసినవాణ్ణి వెతకండి.

నాలుగు చుక్కలు

ఇది రాయాలా వద్దా అని చాలా తటపటాయించాను. నేను చేసిన తప్పుల్లో పెద్దది ఇదే కాబట్టి రాయాలి.

విమానంలోంచి చూసి తమవాళ్లే అని గుర్తుపట్టడానికి జర్మన్లు యుద్ధ ట్యాంకు మీద వెనకవైపు జెండా పరిచేవారు. ఎర్ర జెండా, తెల్ల గుండ్రం, మధ్యలో వాళ్ల పార్టీ గుర్తు. మన స్వస్తిక్ లాంటి ఆ ఆకారం నాకు కొత్త కాదు. ఎన్ని కొత్త లారీల బానెట్ల మీద వేశానో లెక్కలేదు. అలవాటుగా చెయ్యి ఆడించేశాను. వాలుగా ఉండాల్సిన గుర్తును నిటారుగా నిలబెట్టి, నాలుగు గదుల్లో నాలుగు చుక్కలు కూడా పెట్టాను.

హార్‌గ్రీవ్స్ జెండా మీదికి వంగి, వేలు పెట్టి చూపించాడు.

"ఈ చుక్కలేమిటి?"

"చుక్కలు లేకపోతే శుభం కాదు సార్."

ఆయన స్టూలు మీద కూలబడి పడీపడీ నవ్వాడు. నవ్వు ఆగాక, నాకు నిజంగానే ఏమీ తెలియదని ఆయనకి అర్థమైంది. ఆ జెండా కింద ఏం జరిగిందో అప్పుడు చెప్పాడు. రైళ్ల గురించి, క్యాంపుల గురించి, చిన్నపిల్లల గురించి. నేను బ్రష్షు కింద పెట్టేశాను. మా ఇంటి గడప మీది గుర్తు వేరు, ఇది వేరు. ఆకారం ఒకటైనంత మాత్రాన ఒకటి కావు. ఇన్ని కోట్లకి రంగు వేసిన నేను వాటిని తొడుక్కున్నవాళ్లేం చేశారో అడగకపోవడం సిగ్గనిపించింది.

ఆ తర్వాత రొమ్ము మీది చిన్న బ్యాడ్జి ఎంతుండాలో అంతే వేశాను. హాల్లో గొప్పగా పెట్టుకుంటాను, జెండా పెద్దది వేయమని అడిగినవాళ్లకి మాత్రం ఎర్ర రంగు అయిపోయిందని చెప్పేవాణ్ణి. కొందరికి ఆ రంగు చాలా ఏళ్లు దొరకలేదు. జరిగినదాన్ని ఉన్నదున్నట్టు చూపించడానికే ఈ పనిలో కచ్చితత్వం. దండ వేసి పూజించడానికి కాదు. ఆ తేడా తెలియకపోతే ఈ పనిలోకి రాకండి.

గులాబీ అంచు

ట్యాంకు నడిపే జర్మన్లది నల్ల జాకెట్టు. దాని భుజం పట్టీలకి గులాబీ రంగు అంచు ఉంటుంది. డబ్బాలోని కాగితం చూసి నేను సరిగ్గానే వేస్తున్నాను. గౌస్ భాయ్ టీ తెచ్చి, చూసి, గ్లాసు కింద పెట్టాడు.

"ఏందిది రమణా? ట్యాంకు తోలేటోనికి గులాబీ రంగా?"

"కాగితంలో అలాగే ఉంది భాయ్."

"కాగితం అచ్చేసినోడు తప్పేసినాడు. ఎర్రగా కొట్టు. మొగోని మాదిరి ఉంటాడు."

నాకూ సబబే అనిపించింది. హార్‌గ్రీవ్స్ ఆర్డరిచ్చిన పన్నెండు మందికీ ఎర్ర అంచు వేశాను. ఆయన వాళ్లని వరసగా నిలబెట్టి చూశాడు.

"రమణా, పన్నెండు మంది ఫిరంగి దళం వాళ్లు ట్యాంకు వాళ్ల బట్టలు దొంగిలించారు. ఈ దొంగతనం ఎప్పుడు జరిగింది?"

అంచు రంగును బట్టి దళం తెలుస్తుందట. ట్యాంకులకి గులాబీ, ఫిరంగులకి ఎరుపు, కాల్బలానికి తెలుపు, వైర్‌లెస్ వాళ్లకి నిమ్మపండు పసుపు, సరుకులు మోసేవాళ్లకి లేత నీలం. పన్నెండు మందినీ మళ్లీ దిద్దడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ గౌస్ భాయ్ గంటకోసారి టీ తెచ్చిపెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. మూడో రోజు మాత్రం గుమ్మంలో ఆగి, "ఆ జర్మనోళ్లకు కొంచెం గూడా సిగ్గు లేదప్పా" అన్నాడు.

కానీ అబూ నాసర్ ఆలస్యం ఎందుకైందని అడిగినప్పుడు, "తప్పు నాది, నేనే మార్పించినా" అని అందరి ముందూ ఒప్పుకున్నాడు. తెలియకపోయినా సలహా ఇచ్చే పై అధికారులు చాలామంది దొరుకుతారు. తర్వాత ఆ తప్పు తన మీద వేసుకునేవాడు దొరికితే వదులుకోకండి.

అసలు సైనికులు

కువైట్ మీద దాడి జరిగాక ఖోబర్ నిండా అసలు సైనికులు దిగారు. మా ఖాతాదారుల కుటుంబాలు వెళ్లిపోయాయి. దుకాణం అద్దాలకి అడ్డంగా నిలువుగా టేపు అంటించాం. విషవాయువు వదులుతారేమోనని మాస్కులు ఇచ్చారు. గౌస్ భాయ్ గడ్డానికి మాస్కు అతకదు. గడ్డం తీయనని ఆయన, తీయకపోతే గాలి చొరబడుతుందని నేను, రోజూ ఇదే వాదన.

ఒకసారి హార్‌గ్రీవ్స్ దుకాణంలో ఉండగా సైరన్ మోగింది. ముగ్గురం మాస్కులు తగిలించుకుని నా పనిబల్ల కింద దూరాం. గౌస్ భాయ్ కళ్లు మూసుకుని దువా చదువుతున్నాడు. నాకు మా పిల్లల మొహాలు ఒక్కొక్కటే కళ్ల ముందుకు వస్తున్నాయి. హార్‌గ్రీవ్స్ మాస్కులోంచి నాతో ఏదో అంటున్నాడు. ఆఖరి మాటేమోనని చెవి దగ్గర పెట్టాను. సైరన్ మోగేసరికి చేతిలో ఉన్న బొమ్మను ఆయన అలాగే పట్టుకుని వచ్చాడు. దాన్ని నా మొహం ముందు పెట్టి అరుస్తున్నాడు: "బెల్టు బిళ్ల తలకిందులైంది!"

ఆ రోజుల్లోనే ఒక అమెరికన్ సార్జెంటు జిగురు సీసా కోసం వచ్చాడు. ఒంటి మీద దట్టమైన అడవి పచ్చ యూనిఫారం. బయట కనుచూపుమేరా ఇసుక. హార్‌గ్రీవ్స్ ఉండబట్టలేక అడిగేశాడు.

"ఎడారిలో అడవి బట్టలేమిటి? ఇది తప్పు కదా?"

"తప్పే సార్. ఎడారి బట్టలు ఇంకా మాకు అందలేదు. ఉన్నవి వేసుకొమ్మన్నారు."

అతను వెళ్లాక గౌస్ భాయ్ నా చెవిలో అన్నాడు: "నువ్వు ఇట్లాంటి బొమ్మ సేసింటే ఈ దొర మొగాన కొట్టేటోడు గదా?"

ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నాను.

రొట్టెల దళం

యుద్ధం ముగిసింది. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. ఒకరోజు అబూ నాసర్ నా గదిలోకి వచ్చి, "యా రమణ, జంగ్ ఖలాస్, గాహక్ ఖలాస్" అన్నాడు. యుద్ధమూ అయిపోయింది, కొనేవాళ్లూ అయిపోయారని. నా బల్ల ఉన్నచోట వీడియో గేములు పెడతాడట. నా ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, గడువు తీరగానే ఎగ్జిట్ ముద్ర కొట్టించి పంపేస్తాడట. అప్పటికి భీమవరంలో మా ఇంటికి గోడలు లేచాయి, కప్పు పడలేదు.

గౌస్ భాయ్ అడ్డం పడ్డాడు. విదేశీయుల కాంపౌండులో బొమ్మల ప్రదర్శన ఒకటి జరగబోతోందనీ, అక్కడ ఆర్డర్లు వస్తే రమణను ఉంచాలనీ బతిమాలాడు. అబూ నాసర్ సరేనన్నాడు. ప్రదర్శనకు జడ్జి హార్‌గ్రీవ్స్.

ఆయనకి నచ్చేలా ఉత్తర ఆఫ్రికా ఎడారిలో ఎనిమిది మంది జర్మన్లను తయారుచేశాను. అందరికీ ఒకే ఆలివ్ రంగు కోటు, మోకాళ్ల దాకా బూట్లు, మెడ దాకా గుండీలు. పుస్తకంలో ఎలా ఉందో అలా.

అప్పుడే లెంట్జ్ అనే ముసలి జర్మన్ దుకాణానికి వచ్చాడు. పంపుల నిపుణుడు. రిటైరైన మనిషిని రాస్ తనూరాలో ఏదో మరమ్మతు కోసం మళ్లీ పిలిపించారు. మీటరు శుభ్రం చేసుకోవడానికి సన్న బ్రష్షు కావాలని వచ్చి, నా ఎనిమిది మందినీ చూసి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు.

"క్షమించండి. వీళ్లు చాలా అందంగా ఉన్నారు. పంతొమ్మిదేళ్లప్పుడు నేను అక్కడ ఉన్నాను. సైన్యానికి రొట్టెలు కాల్చేవాణ్ణి. ఇలాంటి మనిషిని ఒక్కణ్ణి కూడా చూడలేదు."

గౌస్ భాయ్ నన్ను మోచేత్తో పొడిచాడు. "ఆ పరాయి దేశంలో వీళ్లకేం పనో అడుగప్పా."

కాస్త మర్యాదగా మార్చి అడిగాను. లెంట్జ్ నవ్వు ఆగిపోయింది.

"మమ్మల్ని అప్పుడు ఎవరూ అడగలేదు. మమ్మల్ని మేమూ అడుక్కోలేదు. అడుక్కోవాల్సింది."

తర్వాత స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటీ చెప్పాడు. కోటు నెల తిరక్కుండానే ఎండకి వెలిసిపోయేదట. కొత్త టోపీతో కనిపిస్తే పాతవాళ్లు ఏడిపిస్తారని టోపీని పదేపదే ఉతికి, ఎండలో పడేసి తెల్లబరిచేవారట. పొడుగు బూట్లు మొదటివారమే మూల పడేశారట. ఇంగ్లీషువాళ్ల గిడ్డంగి చేతికి చిక్కినప్పుడు అందరూ వాళ్ల నిక్కర్లు తొడుక్కున్నారట. వీటన్నిటి మీదా రొట్టెల పిండి.

ఆయన వెళ్లాక ఎనిమిది మందినీ విప్పదీశాను. గౌస్ భాయ్ గుండె బాదుకున్నాడు.

"జడ్జి ఆ దొర గదప్పా! వానికి పుస్తకమే దేవుడు. పుస్తకం మాదిరే ఉండనీ. ఇకామా సంగతి సూసుకో."

"చూసినవాడు చెప్పాక ఎలా భాయ్?"

"నీ ఇష్టం. ఎయిర్‌పోర్టుకు నేనే దింపుతాలే."

ప్రదర్శన రోజు వచ్చింది. రొట్టెల పొయ్యి చుట్టూ ఎనిమిది మంది, ఏ ఇద్దరి బట్టల రంగూ ఒకటి కాదు. హార్‌గ్రీవ్స్ టార్చి వేసి, భూతద్దం పట్టి, కాగితం మీద తప్పులు రాసుకుంటూ పైకి చదివాడు.

"మొదటివాడు, బ్రిటిష్ నిక్కరు, తప్పు. రెండోవాడు, టోపీ రంగు నిబంధనల్లో లేదు. మూడోవాడు, గుండీలే లేవు. ఈ తెల్లదేమిటి? మంచు పడిందా?"

"పిండి సార్."

"యూనిఫారం మీద పిండి ఉండటానికి వీల్లేదు."

గుంపులోంచి లెంట్జ్ గొంతు వినిపించింది. "నిజమే సార్. మా అధికారి కూడా రోజూ ఇదే చెప్పేవాడు."

హార్‌గ్రీవ్స్ వెనక్కి తిరిగాడు. "మీరెవరు?"

"ఆ మొదటివాణ్ణి నేనే. ఆ నిక్కరు మీవాళ్లదే. తిరిగి ఇద్దామంటే అప్పుడే చిరిగిపోయింది."

హాలంతా గొల్లుమంది. హార్‌గ్రీవ్స్ చెవులు ట్యాంకు దళం రంగుకి తిరిగాయి. ఆయన చేసిన పని మాత్రం నేను మర్చిపోలేను. రెండు కుర్చీలు లాక్కొచ్చి, లెంట్జ్‌ను కూర్చోబెట్టి, కొత్త కాగితం తీసి, "ఆ నిక్కరు ఏ రంగు? మొదటి రోజు ఎలా ఉంది, చిరిగే రోజుకి ఎలా ఉంది?" అని మొదలుపెట్టాడు. గంటసేపు లేవలేదు.

బహుమతి మాత్రం మూడోదే ఇచ్చాడు. "ఒక్క మనిషి మాటే ఆధారం. ఇద్దరు చెప్తే రెండోది ఇచ్చేవాణ్ణి" అన్నాడు. నాకు కోపం రాలేదు. అలాంటి జడ్జి ఉంటేనే పని నిలబడుతుంది.

జనం మాత్రం మొదటి బహుమతి బొమ్మను వదిలేసి పిండి సైనికుల చుట్టూ మూగారు. వారంలో నాకు రెండేళ్లకి సరిపడా ఆర్డర్లు వచ్చాయి. అబూ నాసర్ ఇకామా రెన్యూ చేయించాడు. ఆ తర్వాత ఏ బొమ్మ చేసినా "పిండి వేయి, పిండి వేయి" అని వెంటపడేవాడు. జలాంతర్గామి నావికుల మీద పిండి ఎలా పడుతుందో చెప్పి ఒప్పించడానికి నాకు ఒక పూట పట్టింది.

ఎమిల్

లెంట్జ్ పని ముగించుకుని దేశం వెళ్లే ముందు మళ్లీ వచ్చాడు.

"ఇంకొకణ్ణి చేయాలి. ఎమిల్. నాతోపాటు రొట్టెలు కాల్చేవాడు. నా కంటే పొట్టి. ఒకరోజు రొట్టెల లారీ మీద బాంబు పడింది. వాడు అందులో ఉన్నాడు."

ఫోటో లేదు. నేను నోటుపుస్తకం తెరిచి అడగడం మొదలుపెట్టాను. కోటు ఎంత వెలిసింది? గుర్తులేదు. టోపీ? గుర్తులేదు. అంచు లేత నీలమేనా? అయి ఉండాలి. ముసలాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశాడు.

"నాకేమీ గుర్తులేదు. వాడి మొహం కూడా సగమే గుర్తుంది."

గౌస్ భాయ్ నా చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు. "ఏం రమణా, పెద్దాయనకు పరీచ్చ పెడ్తాండావా? ఊరికే నిలబడినప్పుడు వాడేం సేస్తాంటాడో అది అడుగు."

అడిగాను. లెంట్జ్ ఉన్నట్టుండి నవ్వాడు.

"గోక్కుంటూ ఉంటాడు! ఎడమ బూటుతో కుడి పిక్క గోక్కుంటాడు. ఎప్పుడు చూసినా ఒంటికాలి మీదే. ఇంకోటి, వాడి రెండో గుండీ ఎర్ర ఉన్ని దారంతో కుట్టి ఉంటుంది. వాళ్లమ్మ ఆఫ్రికాకి ఉన్ని చేతితొడుగులు పంపింది. ఎడారికి! వాటిలోంచి పీకిన దారం."

ఒక బొమ్మ ఎడమ కాలు కోసి, వంచి, మళ్లీ అతికించాను. ఒంటికాలి మీద పడిపోకుండా నిలబెట్టడానికే రెండు రోజులు పట్టింది. రెండో గుండీ మీద ఒక్క వెంట్రుక మొనతో ఎరుపు పెట్టాను. ఆరడానికి పెట్టినప్పుడు హార్‌గ్రీవ్స్ వచ్చి భూతద్దం తీశాడు.

"ఎర్ర దారమా? ఏ నిబంధనలోనూ..."

గౌస్ భాయ్ అది ఎవరో చెప్పాడు. హార్‌గ్రీవ్స్ మళ్లీ వంగి చాలాసేపు చూశాడు.

"కుడి పిక్కేనా? ఖాయమేనా?"

"ఖాయం సార్."

"అయితే సరే" అని బొమ్మను మెల్లగా ఉన్నచోటే పెట్టేశాడు.

లెంట్జ్ మర్నాడు వచ్చాడు. కళ్లజోడు మార్చుకుని, బొమ్మను వెలుతురులోకి తీసుకెళ్లాడు. మా వైపు వీపు పెట్టి, గుమ్మంలో నిలబడి, జర్మన్‌లో ఏదో చిన్న మాట అన్నాడు. తిరిగి వచ్చాక, ఏదైనా మార్చాలా అని అడిగాను.

"వద్దు. నేను మాట్లాడింది మీతో కాదు. దురద తగ్గిందా అని వాణ్ణి అడిగాను."

జేబురుమాలులో చుట్టించుకోలేదు. డబ్బా కూడా వద్దన్నాడు. అరచేతిలో నిలబెట్టుకుని, రెండో చెయ్యి అడ్డం పెట్టుకుని, కారు దాకా అలాగే నడిచి వెళ్లాడు.